నీలి సిరా మాత్రమే

తెల్లవారుజాము నాలుగూ నలభై రెండు.
నలభై అంటే చెల్లదు, నలభై అయిదన్నా చెల్లదు,
గడియారం ఎంత చెబితే అంతే.
పొగమంచులో కారు ఇంజను ఆపకుండానే
లోపలికి వస్తుంది ఎర్మెలిందా.
భుజం మీద నిద్రపోతున్న నబోర్,
చంకలో వాడి బూట్లు.

మా ఫ్రిజ్‌కి పురికొసతో కట్టిన పెన్ను.
పాకే పిల్లలకన్నా దాన్నే ఎక్కువ కనిపెట్టుకుని ఉండేదాన్ని.
వాట్సన్‌విల్‌లో నా ఇంట ఎనిమిదిమంది పిల్లలు,
ఎనిమిది కాగితాలు,
రోజుకి రెండుసార్లు పూర్తి పేరుతో సంతకం.
పొడి అక్షరాలు కుదరవు.
ఒక్క గురువారం గడి ఖాళీగా ఉందా,
ఆ గురువారం పిల్లవాడు నా ఇంట్లో అన్నం తిననట్టే,
జ్వరంతో నా ఒళ్లో మూలగనట్టే.
ప్రభుత్వం సొమ్ము, ప్రభుత్వం లెక్క.
ఒకసారి తనిఖీకొచ్చినావిడ
కాగితం అంచున ఎర్రటి మరక చూపించి
"ఇది రక్తమా?" అంది.
"స్ట్రాబెర్రీ" అన్నాను.
రాసుకుంది.
ఏం రాసుకుందో చూపించలేదు.

ఎర్మెలిందాకి మొదట్లో రాయడం రాదు.
వహాకా కొండల్లోంచి వచ్చిన మిష్టెకో మనిషి,
స్పానిష్ కూడా ఆమెకి అద్దె ఇల్లే.
ఏప్రిల్లో గడిలో ఇంటూ గుర్తు పెట్టేది,
పక్కన సాక్షిగా నా సంతకం.
జూన్లో ఆ గుర్తు పోయి
రెండు గుంజలు లేచాయి, మధ్య ఒక మెట్టు:
ఆమె పేరు మొదట ఉండే, పలికేటప్పుడు వినిపించని అక్షరం.
ఆగస్టుకి సగం పేరు, శుక్రవారం గట్టు తెంపుకుని
శనివారంలోకి పారింది.
సెప్టెంబరు ఆఖర్న మొత్తం పేరు,
కింద ఒక గీత కూడా, పెద్ద ఆఫీసరు గీసినట్టు.
ఇక సాక్షి అక్కర్లేదు.
నాకెందుకో కాస్త దిగులేసింది.

జనవరిలో ఉత్తరం వచ్చింది,
ఇకనించీ డిజిటల్ సంతకమూ చెల్లుతుందని.
పెన్ను విప్పేశాను.
ఫ్రిజ్ మీద ఇప్పుడొక గాజు పలక.
ఎవరైనా మరిచిపోతే టింగుమంటుంది,
వేళ తనే వేసుకుంటుంది, సెకన్లతో సహా.
ఫిబ్రవరి చెక్కు ఒక్క డాలరూ తెగకుండా వచ్చింది,
మూడేళ్లలో మొదటిసారి.
రెండు కొత్త పరుపులు కొన్నాను.
అబద్ధం ఎందుకు చెప్పాలి,
ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

కానీ ఎర్మెలిందా వేలు గాజుకి ఆనదు.
మట్టి, క్లోరిన్ నీళ్లు, చలి,
వేలి చివర ఎండిన తోలు.
గుంజ ఒకటి పడుతుంది, రెండోది పడదు.
తుడుచుకుంటుంది, ఊదుకుంటుంది, మళ్లీ రాస్తుంది.
పలకే ఉపాయం చెప్పింది:
పేరు ఎంచుకోండి, మేమే రాసిపెడతాం.
పెళ్లి శుభలేఖ మీదలా
వాలుగా, వంపులతో, ఎక్కడా వణక్కుండా వచ్చింది పేరు.
చాలాసేపు చూసింది.
"ఇదెవరు?" అంది.
బయట మేస్త్రీ ట్రక్కు హారన్ కొట్టింది.
సరే నొక్కింది.

పొయ్యి మీద అతోలే ఉడుకుతోంది,
వంటగది కిటికీకి ఆవిరి పట్టింది.
వెళ్తూ వెళ్తూ ఆగి
అదే వేలితో అద్దం మీద రాసింది,
గుంజలు, మెట్టు, చివరిదాకా.
కింద గీత.
నావైపు చూడకుండా తలుపు వేసుకుని వెళ్లిపోయింది.

పాత కాగితాలు అయిదేళ్లు దాచాలిట, ఆ తర్వాత చింపెయ్యొచ్చు.
ఏప్రిల్ది చింపను.

ఏడింటికి నబోర్ లేచి
గిన్నెలో చెంచా తిప్పుతూ
చారలు చారలుగా కారిపోతున్న కిటికీ చూపించి
"అమ్మ" అన్నాడు.
అవును రా, తిను, అన్నాను.